ఫారంలో ఒంటి రంగు అడిగే ముందు

సర్వే ఫారాలు తయారుచేయడం నా పని. మనుషుల్ని ఒంటి రంగును బట్టి విడదీయడం నాకు సుతరామూ ఇష్టం లేదు. అయినా ఫారంలో రంగు అడిగే గడిని ప్రతిచోటా కొట్టేయమని చెప్పను. వివక్ష ఉన్నచోట లెక్క తీయకపోతే, అసలు వివక్షే లేదని బుకాయించడం తేలిక.

ముందుగా, జవాబుతో ఏం చేస్తారో ఒక్క వాక్యంలో రాయించండి. "ఊరికే, సమాచారం కోసం" అంటే గడి తీసేయండి. "అద్దె ఇల్లు అడిగితే ఎవరికి ఎక్కువగా లేదంటున్నారో చూడటానికి" అంటే ఉంచండి.

కావలసింది చర్మం ఛాయా, జాతా అన్నది కూడా తేల్చుకోండి. వేలికి తగిలించే పల్స్ ఆక్సీమీటర్ కాంతిని వేలిలోంచి పంపి రక్తంలోని ఆక్సిజన్ లెక్కిస్తుంది. ఒంటికి రంగునిచ్చే మెలనిన్ ఎక్కువున్న చర్మం మీద ఒక్కోసారి ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది, ప్రమాదంలో ఉన్న మనిషి బాగానే ఉన్నట్టు కనిపిస్తాడు. అలాంటి పరికరాన్ని పరీక్షించేటప్పుడు ఛాయ నమోదు చేయాల్సిందే. అదే కిడ్నీల పనితీరు అంచనాకి అమెరికాలో ఏళ్ల తరబడి నల్లజాతివారికి వేరే గుణకం (లెక్కలో హెచ్చవేసే అంకె) వాడారు. దాంతో వాళ్ల కిడ్నీలు ఉన్నదానికన్నా మెరుగ్గా ఉన్నట్టు లెక్క తేలేది. ఆ గుణకాన్ని తీసేసిన సూత్రం 2021లో గానీ రాలేదు.

అన్నిటికన్నా ముఖ్యం, ఆ గడి ఎవరు నింపుతారన్నది. దక్షిణాఫ్రికాలో 1950 నాటి జనాభా నమోదు చట్టం కింద ఎవరిది ఏ జాతో అధికారులు తేల్చేవారు. అనుమానం వస్తే జుట్టులో పెన్సిల్ దూర్చేవారు. జారిపడితే తెల్లవారు, ఇరుక్కుంటే కాదు! ఎక్కడ ఉండాలో, ఎవరిని పెళ్లాడవచ్చో ఆ ముద్రే నిర్ణయించేది. ఒకే కుటుంబంలోని వాళ్లకి వేర్వేరు ముద్రలు పడ్డాయి. ఆ చట్టం 1991 దాకా ఉంది.

అందుకే వివరాలు రాసుకోవడానికి వచ్చే ఎన్యూమరేటర్ మొహం చూసి టిక్కు పెట్టకూడదు. ఎవరిది వాళ్లే చెప్పాలి. ఒకటికన్నా ఎక్కువ ఎంచుకోనివ్వండి, అమెరికా జనగణనలో ఈ వీలు 2000లో వచ్చింది. "చెప్పడం ఇష్టం లేదు" అన్న గడి తప్పనిసరి.

పేరు, రంగు ఒకే కాగితం మీద ఉంచకండి. ఉద్యోగం ఇచ్చేవాళ్ల, అప్పు మంజూరు చేసేవాళ్ల టేబుల్ మీదికి ఆ జవాబు వెళ్లకూడదు. దాన్ని ఎప్పుడు చెరిపేస్తారో ఫారం మీదే తేదీతో అచ్చువేయండి. తేదీ వేయడానికి ఒప్పుకోని వాళ్లకి నేను ఫారం చేసివ్వను.