ఇద్దరుండాల్సిన డ్యూటీలో ఒక్కరే: సంరక్షణ సిబ్బంది యూనియన్ పోరాటం నడిపే పద్ధతి

"సరిపడా సిబ్బంది కావాలి", "డ్యూటీలో భద్రత కావాలి" అని అడిగితే ఏ యాజమాన్యమూ కాదనదు. "మేమూ అదే కోరుకుంటున్నాం" అని ఒక కమిటీ వేస్తుంది. నెలలు గడుస్తాయి, అడిగినవాళ్లలో కొందరు ఉద్యోగమే మానేస్తారు. వికలాంగుల వసతి గృహాల్లోనూ మానసిక చికిత్స వార్డుల్లోనూ చాలా ఆందోళనలు ఇలాగే చల్లారిపోతాయి. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా ఈ వార్డులో ఎంతమంది మెలకువగా ఉండాలి, ఒకరు రాకపోతే ఎన్ని నిమిషాల్లో ఎవరిని పంపాలి, పంపకపోతే ఏం జరగాలి: ఇవి కాగితం మీదికి ఎక్కినప్పుడే అసలు చర్చ మొదలవుతుంది. ఆ కాగితం తయారు చేయడం, దాని వెనక జనాన్ని నిలబెట్టడం ఎలాగో చెప్పడమే ఈ వ్యాసం పని.

ఎవరెవరున్నారో ముందు రాసుకోండి

ఈ రంగంలో కార్మికులు ఒకే గేటు నుంచి లోపలికి రారు. ఒక వసతి గృహంలో ముగ్గురు, ఇంకో చోట ఇద్దరు, ఇళ్లకు వెళ్లి చూసుకునేవాళ్లయితే పూర్తిగా ఒంటరి. షిఫ్టు మారే పది నిమిషాలు తప్ప ఒకరి మొహం ఒకరు చూసుకోరు. అందుకే మొదటి పని జాబితా. పేరు, పనిచేసే చోటు, షిఫ్టు, పర్మినెంటా కాంట్రాక్టా ఏజెన్సీనా, చుట్టూ ఉన్నవాళ్లు ఎవరి మాట వింటారు. ఈ చివరి గడి అన్నిటికంటే విలువైనది. గట్టిగా మాట్లాడేవాళ్లు వేరు, తోటివాళ్లు కష్టం వస్తే వెతుక్కుంటూ వెళ్లేవాళ్లు వేరు. మీకు కావలసింది రెండోవాళ్లు.

దాదాపు పది మందికి ఒకరు చొప్పున బాధ్యులు ఉండాలి. నైట్ డ్యూటీకి, సెలవు రోజుల డ్యూటీకి విడిగా ఒకరుండాలి, లేదంటే ఆ షిఫ్టులు జాబితాలోంచి జారిపోతాయి. సమావేశం ఒక్కటే పెడితే సగం మంది డ్యూటీలో ఉంటారు కాబట్టి ఒకే విషయంతో ఒకే రోజు రెండుసార్లు పెట్టండి: పొద్దున షిఫ్టు దిగాక ఒకటి, సాయంత్రం షిఫ్టు ఎక్కకముందు ఒకటి. ఫోన్ గ్రూపు సొంత నంబర్లతోనే ఉండాలి. ఆఫీసు ఇచ్చిన ఫోను, ఆఫీసు ఈమెయిల్ వాడకండి.

నర్సులు, కౌన్సెలర్లు మాత్రమే ముందుండి అటెండర్లను, ఏజెన్సీ మనుషులను వెనక్కి నెట్టిన యూనియన్ త్వరగా చీలుతుంది. సమ్మె రోజున యాజమాన్యం పిలిచేది ఆ వెనక ఉన్నవాళ్లనే. వాళ్ల డిమాండ్ ఒక్కటైనా పత్రంలో మొదటి మూడింట్లో లేకపోతే వాళ్లు ఎందుకు ఆగాలి?

ఒక్కొక్కరితో విడిగా మాట్లాడటానికి అరగంట కేటాయించండి. ఎక్కువసేపు వినండి. "ఏది మారితే ఈ ఉద్యోగంలో ఉంటారు?", "దానిపై నిర్ణయం ఎవరి చేతిలో ఉంది?", "మీరొక్కరే వెళ్లి అడిగితే ఏమవుతుంది?" అని అడగండి. మాటలు ముగిసేటప్పుడు ఒక చిన్న పని అప్పగించండి: ఇద్దరు తోటివాళ్లతో మాట్లాడమనో, నాలుగు వారాలు లెక్క రాయమనో. ఆ పని చేశారో లేదో చూస్తేనే ఎవరు ఎంతవరకు వస్తారో తెలుస్తుంది. "నేను మీతోనే ఉన్నా" అన్న మాటను లెక్కలో వేసుకోకండి.

నాలుగు వారాల రికార్డు

పోరాటానికి పునాది ఇదే, దీనికి ఎక్కువ సమయం ఇవ్వండి. ప్రతి షిఫ్టుకు ఒక గీత: తేదీ, చోటు, డ్యూటీ చార్టు ప్రకారం ఉండాల్సినవాళ్లు, నిజంగా ఉన్నవాళ్లు, విరామం దొరికిందా, డ్యూటీ ఎన్నింటికి దిగారు. ఏదైనా సంఘటన జరిగితే సాయం రావడానికి పట్టిన నిమిషాలు, గాయం అయిందా, ఫారం నింపారా, దానికి జవాబు వచ్చిందా. రెండు నిమిషాల్లో రాసేలా ఉండాలి. రెండు పేజీల ఫారం ఇస్తే మూడో రోజుకే ఆపేస్తారు.

సంరక్షణలో ఉన్నవాళ్ల పేర్లు, జబ్బు వివరాలు, ఫొటోలు ఈ రికార్డులోకి అస్సలు రాకూడదు. కేస్ షీటు ఫొటో తీసి గ్రూపులో పెట్టిన ఒక్క పొరపాటు చాలు, గోప్యత ఉల్లంఘించారని ఉద్యోగం తీసేయడానికి. అది నిజంగా తప్పు కూడా, ఆ మనిషి వివరాలు మన పోరాటానికి సాక్ష్యంగా వాడుకోవడానికి మనవి కావు.

జీతం లేని పని కూడా ఇందులోనే తేలుతుంది. డ్యూటీ అప్పగింతకు షిఫ్టుకు పదిహేను నిమిషాలు పోతాయనుకోండి. నెలకు 22 షిఫ్టులంటే ఐదున్నర గంటలు. 30 మంది సిబ్బందికి 165 గంటలు. ఎనిమిది గంటల షిఫ్టు లెక్కన నెలకు ఇరవై షిఫ్టులకు పైగా పని ఉచితంగా జరుగుతోంది. ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి వెళ్లే ప్రయాణం, ఇంటి దగ్గర చేసే ఆన్‌లైన్ శిక్షణ, సెలవు రోజున ఎత్తే ఫోన్లు కూడా ఇలాగే లెక్క వేయండి.

దాడులు జరిగినా రాయరు. "ఈ ఉద్యోగంలో ఇది మామూలే" అనుకుంటారు, లేదా "నువ్వు సరిగ్గా మాట్లాడి ఉంటే కొట్టేవాడు కాదు" అనిపించుకోవడం ఇష్టం ఉండదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2019లో ఆమోదించిన 190వ ఒప్పందం రోగుల వంటి బయటివారి నుంచి వచ్చే హింసను కూడా పనిచోట హింసగానే చూస్తుంది. దానితోపాటు వచ్చిన 206వ సిఫార్సు రాత్రి పనిని, ఒంటరి పనిని, ఆరోగ్య, సామాజిక సేవలను పేరుపెట్టి ప్రస్తావించింది. మీ దేశం ఆ ఒప్పందాన్ని ఆమోదించిందో లేదో చూసుకోండి. ఆమోదించకపోయినా, ఈ ప్రమాదాన్ని "మామూలే" అని కొట్టిపారేయకూడదని చెప్పడానికి పనికొస్తుంది.

డిమాండ్ రాయడం

మంచి డిమాండ్‌ను ఎక్కువమంది గట్టిగా కోరుకోవాలి, అది ఇచ్చే అధికారం ఉన్న మనిషి పేరు మీకు తెలియాలి. మొదటి విడతలో మూడుకు మించి వద్దు.

సిబ్బంది సంఖ్య అడిగేటప్పుడు మోసం అంతా లెక్కించే పద్ధతిలో ఉంటుంది. కాలిఫోర్నియాలో 1999లో చేసిన చట్టం 2004 నుంచి అమలైంది, దాని నిబంధనల ప్రకారం మానసిక చికిత్స వార్డులో ఒక నర్సుకు ఆరుగురు రోగులకు మించకూడదు. అలాంటి అంకె మీరూ సాధించవచ్చు. కానీ "24 గంటల సగటు" అని ఒక్క మాట చేరిస్తే పగలు ఎక్కువ చూపించి రాత్రి ఒక్కరినే ఉంచుతారు. కాబట్టి "ఏ సమయంలోనైనా" అని రాయించండి. వార్డు ఇన్‌ఛార్జిని, శిక్షణలో ఉన్నవాళ్లను లెక్కలో కలపకూడదని రాయించండి. ఒక మనిషి పక్కనే నిరంతరం కనిపెట్టుకుని ఉండే డ్యూటీలో పడినవాళ్లను కూడా మినహాయించాలి, వాళ్లు ఇంకెవరికీ అందుబాటులో ఉండరు. విరామానికి వెళ్లినవారి స్థానంలో ఎవరుంటారో కూడా రాయాలి. ఖాళీ నింపకపోతే మిగుల్చుకున్న జీతం ఆ షిఫ్టు మోసినవాళ్లకే పంచాలని షరతు పెట్టండి. ఖాళీగా ఉంచితే డబ్బు ఆదా అవుతున్నంతకాలం ఖాళీ అలాగే ఉంటుంది.

రాత్రి అక్కడే పడుకుని, పిలిస్తే లేచే డ్యూటీ గురించి రెండు దేశాల అనుభవం చూడండి. న్యూజిలాండ్‌లో వికలాంగుల వసతి గృహంలో పనిచేసే కార్మికుడు వేసిన కేసులో ఆ గంటలన్నీ పనేనని కోర్టులు తేల్చాయి, 2011లో బకాయిల పరిష్కారానికి చట్టమే చేశారు. బ్రిటన్‌లో 2021లో సుప్రీంకోర్టు దానికి వ్యతిరేకంగా, మేల్కొని పనిచేసిన సమయానికే కనీస వేతనం అంది. కోర్టు ఎటు తిరుగుతుందో ఎవరూ చెప్పలేరు. గంట రేటు, ఎన్నిసార్లు లేస్తే రాత్రంతా పనిగా లెక్కిస్తారు అన్నవి ఒప్పందంలోనే రాయించుకోవడం మేలు.

"మా దగ్గర డబ్బు లేదు" అన్నది చాలాచోట్ల నిజమే. సంస్థకు గంటకింతని ఇచ్చేది ప్రభుత్వమో బీమా నిధో అవుతుంది. అప్పుడు పోరాటం రెండు గడపల దగ్గర జరగాలి. ఆస్ట్రేలియాలో సామాజిక, సమాజ సేవా రంగ యూనియన్లు ఇది ఆడవాళ్ల పని కాబట్టే తక్కువ జీతమిస్తున్నారని వాదించి గెలిచాయి. 2012 నాటి ఆదేశంతో జీతాలు 23 నుంచి 45 శాతం వరకు పెంచాలని తేలింది, ఆ పెంపు 2020 డిసెంబరు దాకా విడతలుగా వచ్చింది. కేంద్ర ప్రభుత్వం తన వాటా ఖర్చు భరిస్తానని ఒప్పుకోవడం అందులో కీలకం.

ఒప్పందం ఎవరికి వర్తిస్తుందో చెప్పే వాక్యాన్ని మూడుసార్లు చదవండి. న్యూజిలాండ్‌లో 2017 పరిష్కారం 55,000 మంది సంరక్షణ కార్మికులకు జీతం పెంచింది. మానసిక ఆరోగ్య, వ్యసన విముక్తి సహాయకులు అందులో లేరు. వాళ్లను చేర్చడానికి మళ్లీ పోరాడాల్సి వచ్చింది, 2018లో గానీ అది కుదరలేదు.

సంరక్షణ పొందేవాళ్లతో కలిసి

వికలాంగుల హక్కుల ఉద్యమం నినాదం "మమ్మల్ని వదిలేసి మా గురించి నిర్ణయించకండి". డిమాండ్ల పత్రం ఖరారు కాకముందే వాళ్ల సంఘాలకు చూపించండి. ముగిశాక మద్దతు అడిగితే వాళ్లను ప్రదర్శనకు వాడుకున్నట్టే. భేదాలు వస్తాయి. మీరు సెక్యూరిటీ గార్డులు కావాలంటే, కట్టేయడం, గదిలో బంధించడం పెరుగుతుందని వాళ్లు భయపడతారు. ఆ భయానికి కారణాలున్నాయి. శాంతపరిచే శిక్షణ ఉన్న అదనపు సిబ్బంది అనే డిమాండ్ దగ్గర రెండు వైపులూ సాధారణంగా కలుస్తాయి.

కరపత్రంలో మాట జాగ్రత్త. "ప్రమాదకరమైన రోగులు" అని రాస్తే ఆ వార్డులో ఉన్నవాళ్ల మీద ద్వేషం పెంచినట్టవుతుంది. "ఇద్దరుండాల్సిన చోట ఒక్కరున్నారు, సాయం రావడానికి ఇన్ని నిమిషాలు పట్టింది" అని మీ రికార్డులోంచి రాయండి. తప్పు ఎవరిదో చదివినవాళ్లకే అర్థమవుతుంది.

ఒత్తిడి పెంచే మెట్లు

మొదట సంతకాల పత్రం. మూడింట రెండొంతుల మంది సంతకం చేయకపోతే బయటపెట్టకండి, మళ్లీ జాబితా దగ్గరికి వెళ్లండి. తర్వాత దాన్ని పదిమంది కలిసి వెళ్లి చేతికివ్వడం, ఒకే రోజు అందరూ బ్యాడ్జీ పెట్టుకోవడం, అదనపు డ్యూటీలకు ఒప్పుకోకపోవడం, డబ్బిచ్చే శాఖ ముందు ధర్నా. ప్రతి మెట్టూ తర్వాతి మెట్టుకు పరీక్ష. బ్యాడ్జీకే సగం మంది రాకపోతే సమ్మెకు రారు.

మనిషికి హాని లేకుండా యాజమాన్యానికి తగిలే చర్యలు వెతకండి. బిల్లింగ్ వివరాలు ఎక్కించకపోవడం, చికిత్సతో సంబంధం లేని గణాంకాలు పంపకపోవడం, డ్యూటీ లేనప్పుడు ఫోను ఎత్తకపోవడం. మందులు, తిండి, శుభ్రత, మూర్ఛ వచ్చినప్పటి సాయం, ఆత్మహత్య ప్రమాదం ఉన్నవాళ్ల దగ్గర కాపలా ఎప్పుడూ ఆపకూడదు. ఇలాంటి పాక్షిక చర్యలకు కూడా కొన్నిచోట్ల జీతం కోస్తారు, ముందే న్యాయవాదిని అడగండి.

ఆసుపత్రి రంగాన్ని అంతర్జాతీయ కార్మిక సంస్థ పర్యవేక్షక సంఘాలు అత్యవసర సేవగా చూస్తాయి, సమ్మెపై ఆంక్షలు పెట్టడానికి ఒప్పుకుంటాయి. బదులుగా నిష్పక్షపాతమైన, వేగవంతమైన మధ్యవర్తిత్వం ఉండాలంటాయి. సమ్మె కుదరకపోతే దాన్ని అడగండి. కుదిరితే చట్టం చెప్పినదానికంటే ఎక్కువ రోజుల ముందు నోటీసు ఇవ్వండి, ఏ చోట ఎంతమంది పనిలో ఉంటారో రాసిన పట్టికను యాజమాన్యానికీ కుటుంబాలకూ పంపండి.

చర్చలు, తర్వాత

చర్చల బృందంలో ఐదు నుంచి ఏడుగురు, రాత్రి షిఫ్టు నుంచీ ఒకరు. ఒకరి పని రాసుకోవడమే. మానసిక ఉల్లాస శిక్షణ, ఒకసారి ఇచ్చే బోనస్, గడువు లేని కమిటీ: సిబ్బందిని పెంచకుండా ఉండటానికి ఈ మూడే ఎక్కువగా ముందుకు తెస్తారు. తీసుకోండి, కానీ డిమాండ్‌కు బదులుగా కాదు. ఆ రోజే సంతకం చేయకండి, సభ్యుల ఓటుకు పెట్టండి.

ఒప్పందంలో ఉల్లంఘన జరిగితే ఎన్ని రోజుల్లో జవాబివ్వాలో, ఇవ్వకపోతే విషయం ఎవరి దగ్గరికి వెళ్తుందో ఉండాలి. ప్రతి నెలా ఖాళీ షిఫ్టుల వివరాలు నోటీసు బోర్డు మీద పెట్టాలన్న షరతూ ఉండాలి. సంతకమైన మర్నాటి నుంచి అదే రెండు నిమిషాల రికార్డు మళ్లీ మొదలుపెట్టి, నెలాఖరున బోర్డు మీది లెక్కతో పోల్చి, తేడా వచ్చిన ప్రతి షిఫ్టు మీదా విడిగా ఫిర్యాదు రాయండి.