చిన్న కాలేజీలో క్రిస్మస్ పాక: ఆగమన కాలం నుంచి సంక్రాంతి సెలవుల దాకా

కతోలిక కాలేజీలో క్రిస్మస్ పాక, అంటే యేసు పుట్టిన పశువుల పాకను బొమ్మలతో చూపే పందిరి, కట్టేవాళ్లకు రెండు క్యాలెండర్లతో తంటా. తిరుసభ (కతోలిక చర్చి) లెక్కలో డిసెంబర్ 24 రాత్రి దాకా బాలయేసు తొట్టిలోకి రాకూడదు. కాలేజీ లెక్కలో ఆ రాత్రికి హాస్టల్ దాదాపు ఖాళీ. పిల్లలు పాకను చూసేది సెమీ క్రిస్మస్ (పండుగకు ముందే కాలేజీలో జరిపే వేడుక) నాడే, అంటే ఏ 18కో 20కో. ఈ సంగతి ముందే తేల్చుకోకపోతే చివరి రోజు చాపెల్ ఫాదర్‌కూ స్టూడెంట్ కౌన్సిల్‌కూ మధ్య వాదన తప్పదు. కింది లెక్కలన్నీ ఐదారు వందల మంది విద్యార్థులు, ఒకే చాపెల్, ఒకటిన్నర అడుగుల బొమ్మలు ఉన్న కాలేజీకి సరిపోయేవి.

పని ఆగమన కాలం, అంటే క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాల ఎదురుచూపు కాలం, మొదటి ఆదివారం మొదలుపెట్టండి. అది ఏటా నవంబర్ 27, డిసెంబర్ 3 మధ్య పడుతుంది. 2026లో నవంబర్ 29. ఆ రోజే చాపెల్‌లో పచ్చని ఆకుల వలయం పెట్టి నాలుగు కొవ్వొత్తులు నిలబెడతారు: మూడు ఊదావి, ఒకటి గులాబీ రంగుది. గులాబీది మూడో ఆదివారం వెలిగించాలి. చాలాచోట్ల దాన్ని నాలుగో వారానికి దాచేస్తారు, అది తప్పు. వలయానికి సరుగుడు కొమ్మలు బాగుంటాయి కానీ వారంలో ఎండిపోతాయి. ఎండిన ఆకు పక్కన మంట ప్రమాదం కాబట్టి ప్రతి శనివారం మార్చేయండి.

పాక ఎనిమిది అడుగుల వెడల్పు, ఐదడుగుల లోతు ఉంటే చాలు. వెదురు గుంజల ఎత్తు నేల మీదికి ముందువైపు ఏడున్నర అడుగులు, వెనకవైపు ఆరు. వాలు వెనక్కి ఉండాలి. ముందుకు వాలితే మంచు నీళ్లన్నీ బొమ్మల మీదే కారతాయి. గుంజలకు గుంట అడుగున్నర తవ్వండి. కింద సిమెంటు గచ్చయితే పాత పెయింటు డబ్బాల్లో గుంజ నిలిపి తడి ఇసుక దట్టించండి. కోస్తాలో డిసెంబర్ అల్పపీడనాలు మామూలే, అందుకని తాటాకు కింద ఒక టార్పాలిన్ పొర పరిచి అంచులు తాళ్లతో బిగించండి. లోపల రెండడుగుల ఎత్తు అరుగు కావాలి. ఇటుకలూ చెక్కలూ వేసి కట్టినా, పాత క్లాస్ బల్లలు కలిపినా సరే, వెనక నిలబడ్డవాళ్లకూ బొమ్మలు కనపడటం ముఖ్యం.

బొమ్మల వెనక కనిపించే కొండకు కోళ్ల జాలీని వంచి ఆకారం తెచ్చి, దాని మీద సిమెంటు సంచుల కాగితం అంటించాలి. జిగురుకు కిలో మైదా, ఆరు లీటర్ల నీళ్లు. ఒక లీటరు చన్నీళ్లలో మైదాను ఉండలు లేకుండా కలపండి. మిగతా ఐదూ మరిగాక ఆ పిండి పోస్తూ చిక్కబడేదాకా తిప్పండి. దించాక చెంచాడు మైలుతుత్తం వేస్తే బూజూ పురుగూ పట్టవు. మైలుతుత్తం విషం కాబట్టి మెస్ గిన్నె తీసుకురావద్దు, చేతులకు తొడుగులు వేసుకోండి. ఒక్కరోజులో రెండు పొరలకు మించి అంటించకండి. తొందరపడి నాలుగైదు వేస్తే పైన ఎండినట్టుంటుంది, లోపల తడి మురిగి మూడో రోజుకు వాసన కొడుతుంది. ఎండాక పొడి రంగుల్లో కాస్త ఫెవికాల్ కలిపి పూయండి, లేకపోతే మంచుకు రంగు కారిపోతుంది.

పచ్చిక దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు. ప్లాస్టిక్ గడ్డి కొనేకన్నా రాగులు మొలిపించడం మేలు, పిల్లలకు కూడా ఆ పనే ఇష్టం. రాత్రంతా నానబెట్టి, ఒక పగలూ రాత్రీ తడిగుడ్డలో మూటకట్టి, తెల్ల మొలక కనపడగానే రెండంగుళాల మట్టి ఉన్న ట్రేల్లో దట్టంగా చల్లండి. పది రోజులకు మూడు నాలుగంగుళాలు లేస్తుంది. సెమీ క్రిస్మస్ 18న అయితే 8న చల్లాలి. నీళ్లు చల్లాలే కానీ పోయకూడదు, నిలవ నీళ్లకు వేళ్లు కుళ్లుతాయి. చీకటి గదిలో పెంచితే పాలిపోతుంది, కిటికీ పక్కన పెడితే ఒకే వైపు వాలుతుంది కాబట్టి రోజూ ట్రే తిప్పాలి. ఉడతలూ పిచ్చుకలూ పడకుండా మొదటి నాలుగు రోజులు దోమతెర కప్పండి. 24 రాత్రికి మొదటి విడత పండిపోతుంది, అందుకని 14న రెండో విడత చల్లుకోండి.

గడ్డీ తాటాకూ ఉన్నచోట కొవ్వొత్తి వద్దే వద్దు. సీరియల్ సెట్లు ఎల్‌ఈడీవే కొనండి, పాత బల్బులు వేడెక్కుతాయి. అతుకులన్నీ టేపు చుట్టి, ఎక్స్‌టెన్షన్ బోర్డును నేల మీద కాక ఇటుక మీద పెట్టండి. రాత్రి పదికి మెయిన్ ఆపే బాధ్యత పేరు పెట్టి ఒకరికి అప్పగించండి. 'ఎవరో ఆపుతారు' అనుకుంటే తెల్లారేదాకా వెలుగుతూనే ఉంటుంది. పక్కనే ఇసుక బకెట్ ఒకటి.

నక్షత్రానికి నాలుగడుగుల వెదురు బద్దలు పది కావాలి. ఐదేసి బద్దలతో రెండు ఐదు కొనల చట్రాలు కట్టి, ఒకదానిపై ఒకటి పెట్టి కొనలు బిగించండి. తర్వాత లోపల బద్దలు ఒకదాన్నొకటి దాటే ఐదు చోట్లా తొమ్మిదంగుళాల పుల్లలు దూర్చితే బొద్దుగా ఉబ్బుతుంది. పుల్లల్లో ఒక్కటి పొట్టిదైనా నక్షత్రం మెలి తిరుగుతుంది. గ్లేజు కాగితం అంటించేటప్పుడు వెనక ఒక మూల వదిలేయండి, గాలి పోవడానికీ, బల్బు మార్చడానికీ.

ఇక బొమ్మల వరుస. ఒకటిన్నర అడుగుల మరియమ్మ పక్కన అడుగు కాపరి మరుగుజ్జులా కనిపిస్తాడు. చిన్న బొమ్మల్ని కొండ మీదికి, వెనక్కి జరపండి, దూరంగా ఉన్నట్టు ఒప్పుతాయి. ప్లాస్టర్ బొమ్మల అడుగున ప్లాస్టిక్ ముక్క వేయకపోతే చెమ్మ పీల్చి పాదాలు పొడిరాలుతాయి. ముగ్గురు జ్ఞానుల్ని తొట్టి దగ్గర పెట్టేయకండి. పాకకు అవతలి కొసన నిలిపి, ఆ జ్ఞానులు బాలయేసును దర్శించుకున్నందుకు జరిపే సాక్షాత్కార పండుగ దాకా కొద్దికొద్దిగా జరుపుతూ రండి. ఆ పండుగ సంప్రదాయంగా జనవరి 6న, మన దేశంలో జనవరి 2, 8 మధ్య వచ్చే ఆదివారం.

మరి సెమీ క్రిస్మస్‌కు తొట్టిలో ఏముండాలి? ఖాళీగానే ఉంచమని మా సలహా. కొన్నిచోట్ల కార్యక్రమానికి బాలయేసును పెట్టి మళ్లీ తీసేస్తారు, చూసేవాళ్లకు అదేమీ అర్థం కాదు. దానికి బదులు కతోలికుల్లో పాత అలవాటు ఒకటుంది: చేసిన ఒక్కో మంచి పనికి ఒక గడ్డిపోచ తొట్టిలో వేయడం. పాక పక్కన వరిగడ్డి బుట్ట పెట్టి, రెండు వాక్యాల్లో ఈ మాట రాసి అంటించండి. క్రైస్తవులు కాని పిల్లలు కూడా మొహమాటం లేకుండా వేస్తారు. గడ్డిని ఆరంగుళాల ముక్కలుగా కత్తిరించి ఉంచండి, పొడుగు పోచలు పెడితే రెండ్రోజుల్లో తొట్టి పొంగిపోతుంది.

కార్యక్రమం గంటన్నర దాటనివ్వకండి. ప్రార్థన, క్యారల్స్, ఒక నాటిక, ఫాదర్ సందేశం, కేక్. యాభై గ్రాముల ముక్క లెక్కన కిలో కేక్ ఇరవై మందికి వస్తుంది. ఆరు వందల మందికి ముప్పై కిలోలు. ముందే కోసి ట్రేల్లో పెట్టించండి, వేదిక మీద కోసేది ఒక్కటి చాలు.

24 రాత్రి పూజకు ముందు బాలయేసును ఊరేగింపుగా తెచ్చి పెట్టడానికి ఊళ్లోనే ఉండే విద్యార్థులు ఇద్దరిని ముందే అడిగి ఉంచుకోండి. క్రిస్మస్ కాలం ప్రభువు బాప్తిస్మ పండుగతో ముగుస్తుంది, అది సంక్రాంతి సెలవులకు కాస్త అటూ ఇటూగా వస్తుంది. సెలవులకు ముందే పాక విప్పేయండి, లేదంటే తిరిగొచ్చేసరికి గడ్డిలో ఎలుకలు కాపురం పెడతాయి. శుభ్రమైన గడ్డి పశువులకు పోతుంది. మైలుతుత్తం జిగురు తగిలినదాన్ని వాటి దగ్గరికి పోనివ్వకండి. రంగు తగలని తాటాకూ వెదురూ భోగి మంటకు పనికొస్తాయి, టార్పాలిన్, వైరు ముక్కలు మాత్రం ముందే ఏరేయాలి. బొమ్మల్ని పాత చీర ముక్కల్లో చుట్టి, పెట్టె మీద ఏవేమున్నాయో రాయండి. బాలయేసును అందులో కలపొద్దు. ఎప్పుడూ దొరక్కుండా పోయేది ఆ చిన్న బొమ్మే, విడిగా చాపెల్ బీరువాలో పెట్టి తాళం వేయించండి.