పదును చేసిన తోలుకు డీఎన్‌ఏ పరీక్ష: కర్నూలు, కడప, అనంతపురం దర్యాప్తు అధికారులకు దరఖాస్తు విధానం

పచ్చి తోలు పట్టుబడితే అది ఏ జంతువుదో అడవి తెలిసినవారెవరైనా చెప్పగలరు. చిక్కంతా పదును చేసిన తోలుతోనే. ఉప్పు, పటిక పూసి ఎండబెట్టినదైనా, తంగేడు పట్టలో నానబెట్టినదైనా, క్రోమియం లవణాలతో శుద్ధి చేసినదైనా, వెంట్రుక రాలి రంగు మారిన తరువాత అది నల్లమల చిరుతదో, మచ్చలు అద్దిన కుక్క తోలో కంటితో తేల్చడం సాధ్యం కాదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద మొదటి షెడ్యూలు (అత్యధిక రక్షణ ఉన్న జాబితా) జంతువుల విషయంలో శిక్ష మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా ఉంటుంది కనుక, జాతి నిర్ధారణ లేకుండా కేసు ముందుకు సాగదు.

ఈ పరీక్షకు దరఖాస్తు చేయవలసినది దర్యాప్తు అధికారి, అంటే కేసు నమోదు చేసిన అటవీ రేంజి అధికారి గాని, పోలీసు అధికారి గాని. కోర్టు కూడా నేరుగా పంపవచ్చు. ఇంట్లో ఒడుగు నాటి కృష్ణాజినం ఉన్నదని, అది నిజంగా జింకదేనా అని తెలుసుకోగోరే గృహస్థుకు ఈ దారి లేదు. ఆయన అటవీ శాఖ కార్యాలయాన్నే సంప్రదించాలి. మన జిల్లాలకు దగ్గరి ప్రయోగశాల హైదరాబాదులో సీసీఎంబీకి (కణ, అణు జీవశాస్త్ర కేంద్రం) అనుబంధంగా అత్తాపూర్‌లో ఉన్న లాకోన్స్, అంటే అంతరించిపోతున్న జాతుల సంరక్షణ ప్రయోగశాల. దేహ్రాదూన్‌లోని భారత వన్యప్రాణి సంస్థ కూడా ఇటువంటి పరీక్షలు చేస్తుంది. రుసుము, ప్రస్తుత దరఖాస్తు నమూనా మారుతూ ఉంటాయి కనుక పంపే ముందు ప్రయోగశాలనే అడిగి నిర్ధారించుకోవాలి.

స్వాధీనం చేసుకున్న వస్తువును ఆ చట్టం 50వ సెక్షను ప్రకారం ఆలస్యం లేకుండా మేజిస్ట్రేటు ముందుంచాలి. నమూనా తీసి ప్రయోగశాలకు పంపడానికి అనుమతి కోరే దరఖాస్తును కూడా అక్కడే దాఖలు చేయడం మంచిది, ఎందుకంటే కోర్టు ద్వారా వెళ్లిన నమూనాపై తరువాత డిఫెన్సు వేసే ప్రశ్నలు సగం తగ్గిపోతాయి. పంపే లేఖకు ప్రాథమిక నేర నివేదిక లేదా ఎఫ్‌ఐఆర్ ప్రతి, మధ్యవర్తుల నివేదిక (పంచనామా), కోర్టు ఉత్తర్వు ప్రతి, నమూనాల జాబితా, కవర్లపై వేసిన సీలు ముద్ర అచ్చు జతచేయాలి. జాబితాలోని గుర్తులు, కవర్ల మీది గుర్తులు, మధ్యవర్తుల నివేదికలోని గుర్తులు అక్షరం తేడా లేకుండా ఒకటే కావాలి.

పరీక్ష ఫలించడమూ, విఫలం కావడమూ చాలావరకు నమూనా తీయడంలోనే నిర్ణయమవుతుంది. పదును చేసే క్రమంలో సున్నపు నీరు, ఆమ్లం డీఎన్‌ఏను తునకలు చేస్తాయి; మిగిలినదాన్ని ప్రయోగశాలలో పెంచబోతే తోలులో ఉండిపోయిన టానిన్లు (చెట్టు పట్టలోని పదును చేసే పదార్థాలు), క్రోమియం పీసీఆర్ అనే ఆ ప్రతులు పెంచే చర్యకు అడ్డుపడతాయి. కేంద్రక డీఎన్‌ఏ, అంటే కణ కేంద్రకంలోనిది, కణానికి రెండు ప్రతులే ఉంటుంది. కణానికి శక్తినిచ్చే భాగాలైన మైటోకాండ్రియాలోని డీఎన్‌ఏకు వందలు, వేలు ప్రతులుంటాయి కనుక అదే మిగిలే అవకాశం ఎక్కువ. అందుకే సైటోక్రోమ్ బి, 12ఎస్, 16ఎస్ అనే మైటోకాండ్రియా జన్యువుల్లో పొట్టి భాగాలను చదివి, తెలిసిన జాతులతో పోలుస్తారు. కాబట్టి రసాయనం తక్కువగా తగిలిన చోటు వెతకాలి: గోళ్ల మొదళ్లు, పెదవుల అంచు, చెవి మూలం, కుదుళ్లతో సహా ఊడివచ్చే వెంట్రుకలు. ఒకే చోటునుంచి కాక కనీసం రెండు మూడు చోట్ల నుంచి సుమారు 2 సెంటీమీటర్ల ముక్కలు కోసి, ఒక్కో ముక్కకు కొత్త బ్లేడు, కొత్త చేతి తొడుగులు వాడాలి. కొలబద్ద పక్కన పెట్టి మొత్తం తోలును, కోసిన చోటును ఫోటో తీయాలి. ముక్కలు కలిపి కుట్టిన సంచి వంటి వస్తువైతే ప్రతి ముక్క నుంచీ వేరుగా నమూనా తీయాలి. ఉడుము తోలు బిగించిన కంజీరలో చట్రానికి అంటుకున్న అంచు, పాత తోలుబొమ్మలో రంగు పడని అంచు మేలు. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట తోలుబొమ్మల కళాకారులు నేడు మేకతోలే వాడుతున్నా, పూర్వపు బొమ్మల్లో జింక తోలు ఉండేది కనుక అటువంటివి పట్టుబడినప్పుడు తొందరపడి నిర్ణయానికి రాకూడదు.

ఎండిన తోలు ముక్కను కాగితపు కవరులోనే పెట్టాలి. ప్లాస్టిక్ సంచిలో చెమ్మ చేరి బూజు పడుతుంది. ఫార్మలిన్‌లో ముంచడం అన్నిటికన్నా పెద్ద పొరపాటు. అది డీఎన్‌ఏను మరింత చెడగొడుతుంది. నమూనాను రెండు భాగాలు చేసి, ఒకదాన్ని సీలు వేసి పునఃపరీక్షకు తమ వద్దే భద్రపరచుకోవాలి.

లేఖలో అడిగే ప్రశ్నపై అధికారులు పెట్టవలసినంత శ్రద్ధ పెట్టరని నా అభిప్రాయం. "ఇది చిరుత తోలేనా?" అని రాయకండి, "ఈ నమూనా ఏ జాతి జంతువుకు చెందినది?" అని రాయండి. మొదటి ప్రశ్న జవాబును ముందే సూచిస్తుంది, క్రాస్ ఎగ్జామినేషన్‌లో అదే పట్టుకుంటారు. రెండు నమూనాలు ఒకే జంతువువా, ఆడదా మగదా అన్నవి కేంద్రక డీఎన్‌ఏ చదివితే గాని తెలియవు కనుక, పదును చేసిన తోలు విషయంలో అవసరమైతేనే అడగాలి. జంతువు ఎప్పుడు చచ్చింది, తోలు ఎన్నేళ్ల నాటిది అన్నవి డీఎన్‌ఏ చెప్పదు. "మా తాతల కాలం నాటిది" అనే వాదనకు జవాబు ప్రయోగశాలలో లేదు, 57వ సెక్షనులో ఉంది: స్వాధీనం రుజువైతే, అది చట్టబద్ధమని నిరూపించే భారం నిందితునిదే.

సీలు వేసిన కవర్లను అధికారపత్రంతో ప్రత్యేక దూత చేత పంపి, అందినట్టు రసీదు తీసుకుని, చేతులు మారిన ప్రతిసారీ తేదీ, సమయం, సంతకం నమోదు చేయాలి. నమూనాలో డీఎన్‌ఏ చాలినంత లభించలేదని నివేదిక వస్తే అది నిందితునికి అనుకూలమైన తీర్పు కాదు. ఆ తోలు ఆ జంతువుది కాదని దాని అర్థం కూడా కాదు. భద్రపరచిన రెండో భాగాన్ని, వీలైతే తోలులో మరో చోట కోసిన ముక్కను, కోర్టు అనుమతితో మళ్లీ పంపవచ్చు.