ముక్కు కడగాలా, స్ప్రే కొట్టాలా: వదలని రొంపకి ఏది ఎప్పుడు

దాళ్వా కోతల్లో కళ్ళం దగ్గర ఒక పూట నిలబడ్డా, మండపేట వైపు మిల్లుల్లో ఊక ఎగిరే చోట పనిచేసినా, కోనసీమలో కొబ్బరి పీచు కొట్టే షెడ్డులో ఉన్నా, సాయంత్రానికి ముక్కు లెక్క అప్పజెబుతుంది. పొలం గట్టెక్కని వాళ్ళకీ తప్పదు. వానాకాలం గోడలకి చెమ్మ దిగి బూజు లేస్తుంది, పరుపుల్లో డస్ట్ మైట్లు (దుమ్ములో బతికే, కంటికి ఆనని పురుగులు) పెరుగుతాయి. తుమ్ములు, కారడం, దిబ్బడ, గొంతులోకి జారే చీమిడి నెలల తరబడి వదలకపోతే అది మామూలు రొంప కాదు, రైనైటిస్.

అప్పుడు మెడికల్ షాపుకెళ్ళి "ముక్కులో కొట్టుకునే స్ప్రే ఇవ్వండి" అంటాం. అలా అడిగితే నాలుగు రకాల్లో ఏదైనా చేతికి రావచ్చు. సీసాలన్నీ ఒకేలా ఉంటాయి, లోపలి సరుకుకి మాత్రం పొంతన ఉండదు. కాబట్టి ముందు అట్టపెట్టె మీద చిన్నక్షరాలు చదవాలి.

మందు పేరు "జోలిన్"తో ముగిస్తే (జైలోమెటాజోలిన్, ఆక్సీమెటాజోలిన్) అది దిబ్బడ విప్పేది. ఉబ్బిన రక్తనాళాలని బిగించి అయిదు పది నిమిషాల్లో ముక్కు తెరిపిస్తుంది. అందుకే జనానికి ఇదంటే ప్రాణం, చిక్కు కూడా ఇక్కడే. మూడు రోజులు, మహా అయితే అయిదు రోజులు. ఆపైన వాడితే మందు ప్రభావం దిగగానే ముక్కు మునుపటికంటే గట్టిగా బిగుస్తుంది. దాన్ని విప్పడానికి మళ్ళీ అదే మందు కొడతారు. ఏళ్ళ తరబడి జేబులో సీసా పెట్టుకుని తిరిగేవాళ్ళు అసలు జబ్బుకన్నా ఈ మందు తెచ్చిన దిబ్బడతోనే ఎక్కువ బాధపడుతుంటారు. బీపీ, గుండె జబ్బు, గ్లకోమా (కంటి నరం దెబ్బతినే జబ్బు) ఉంటే డాక్టరు చెప్పకుండా దీని జోలికి వెళ్ళకండి. అలవాటు పడిపోయినవాళ్ళు డాక్టరు సలహాతో స్టెరాయిడ్ స్ప్రే మొదలుపెట్టి, ముందు ఒక ముక్కులో మానేసి, అది తెరుచుకున్నాక రెండోదానిలో మానేయొచ్చు. మొదటి కొన్ని రాత్రులు నిద్ర పట్టదు, ఓర్చుకోవాలి.

ఫ్లూటికసోన్, మొమెటసోన్, బ్యుడెసోనైడ్ అని ఉంటే స్టెరాయిడ్. నెలల తరబడి ఉండే దిబ్బడకి, తుమ్ములకి అసలైన మందు ఇదే. పేరు విని బెదరక్కర్లేదు. ముక్కు పొర మీదే పనిచేస్తుంది, సరిగ్గా కొడితే రక్తంలోకి చేరేది చాలా తక్కువ. దీని లోపం ఒక్కటే, నిదానం. ఒకటి రెండు రోజుల్లో కొంత తేడా తెలుస్తుంది, పూర్తి ఫలితానికి రెండు వారాలు పడుతుంది. నాలుగు రోజులు కొట్టి "ఇదేం పనిచెయ్యట్లేదు" అని మూల పడేసేవాళ్ళే ఎక్కువ. సార్వా కోతలప్పుడు ఏటా ఇబ్బంది వస్తుందని తెలిసినవాళ్ళు కోతకి రెండు వారాల ముందే మొదలుపెట్టాలి.

అజెలాస్టిన్ అలెర్జీ మందు. పావుగంట, అరగంటలో తుమ్ములు, దురద తగ్గిస్తుంది. నాలుక మీదికి చేదు వస్తుంది, కొందరికి మగత. స్టెరాయిడ్‌తో కలిపి ఒకే సీసాలో కూడా వస్తుంది. నాలుగోది సోడియం క్లోరైడ్, అంటే ఉప్పునీళ్ళే. ముక్కుని తడిగా ఉంచుతుంది, ఎన్నాళ్ళు వాడినా నష్టం లేదు. కానీ రెండు చుక్కల తుంపర దుమ్మునీ చీమిడినీ కొట్టుకుపోయేలా చెయ్యదు. ఆ పనికి నీళ్ళు ధారగా పోవాలి.

అందుకే కడగడానికీ మందు స్ప్రేకీ పోటీ పెట్టడం అనవసరం. కడగడం అంటే వాకిలి ఊడ్చినట్టు, మందు స్ప్రే అంటే కళ్ళాపి చల్లినట్టు. ఊడవకుండా చల్లితే చెత్త మీద పడుతుంది. చీమిడి చిక్కగా ఉండి గొంతులోకి జారుతున్నా, దుమ్ము పని చేసొచ్చినా కడగడం ముందు. తుమ్ములు, దిబ్బడ ఎక్కువైతే స్టెరాయిడ్ స్ప్రే ముందు. రెండూ ఉంటే కడిగి, పావుగంట నుంచి అరగంట ఆగి, ముక్కులో నీళ్ళు ఓడ్చుకుపోయాక స్ప్రే కొట్టాలి. తిరగేసి చేస్తే మందంతా కాలువలో పోసినట్టే.

నీళ్ళు: ఇక్కడ మొహమాటం వద్దు

కుళాయి నీళ్ళు, బోరు నీళ్ళు, చెరువు నీళ్ళు, ఇరవై లీటర్ల క్యాన్‌లో వచ్చే ప్లాంటు నీళ్ళు, ఏవైనా కాచకుండా ముక్కులోకి పొయ్యకూడదు. తాగడానికి పనికొచ్చినవి ముక్కుకి పనికొస్తాయని లేదు. నేగ్లేరియా ఫౌలెరి అనే అమీబా వెచ్చటి మంచినీళ్ళలో బతుకుతుంది. కడుపులోకి వెళ్తే ఏమీ కాదు, ముక్కులోంచి మెదడుకి ఎక్కితే దాదాపు ప్రాణాంతకం. కేరళలో 2024లో, 2025లో ఈ అమీబా జాతి మెదడువాపు కేసులు వార్తల్లోకెక్కాయి. వేసవిలో కాలువలు కట్టేశాక మన ఊళ్ళలో వాడకం చెరువు నీళ్ళ మీదే నడుస్తుంది. మట్టం తగ్గి, ఎండకి కాగి, ఆ నీళ్ళు అలాంటి వాటికి అనువుగా తయారవుతాయి. ఉప్పు కలిపితే చచ్చిపోతుందనుకోకండి.

నీళ్ళు తెర్లడం మొదలయ్యాక నిమిషం పూర్తిగా మరగనివ్వాలి. మూతపెట్టి చల్లారనివ్వండి, ఒక రోజులో వాడేయండి. సముద్రం దగ్గరి ఊళ్ళలో బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి. కాస్తే ఆ ఉప్పు పోదు సరికదా ఇంకాస్త చిక్కబడుతుంది, ఉప్పు కొలత తప్పుతుంది. అక్కడ క్యాన్ నీళ్ళు కాచుకోండి. బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ ఇందుకు చేసింది కాదు, వాడకండి.

కొలత: లీటరు నీళ్ళకి 9 గ్రాముల ఉప్పు. అంటే 240 మిల్లీలీటర్ల సీసాకి 2 గ్రాముల పైచిలుకు, మెత్తటి ఉప్పయితే టీస్పూనులో మూడో వంతుకి కాస్త ఎక్కువ. తలకొట్టిన కొలత, గోపురం కాదు. మంట తగ్గడానికి చిటికెడు వంట సోడా. బేకింగ్ పౌడరు కాదు, బట్టల సోడా అసలే కాదు. కళ్ళుప్పులో ఇసుక, మడ్డి ఉంటాయి. వంటింటి అయోడిన్ ఉప్పు కొందరికి చురుక్కుమంటుంది. కొలిచి కట్టిన పొట్లాలు మెడికల్ షాపులో దొరుకుతాయి, కొత్తవాళ్ళకి అవే నయం. ఇంకో దారి, సెలైన్ ఎక్కించడానికి వాడే 0.9 శాతం సోడియం క్లోరైడ్ సీసా. గ్లూకోజు కలిసింది కాకుండా చూసుకోండి. కాచే పని లేదు, తెరిచాక మిగిలింది మర్నాటికి పారబోయాలి. కలిపిన నీళ్ళు నాలుక మీద వేసుకుంటే కన్నీళ్ళంత ఉప్పగా ఉండాలి. ఉప్పు తక్కువైనా మండుతుంది, ఎక్కువైనా మండుతుంది.

కడిగే పద్ధతి

నొక్కే సీసా అయినా, జలనేతి కుండ (యోగాలో ముక్కు కడగడానికి వాడే కొమ్ము చెంబు) అయినా పని ఒకటే. మణికట్టు లోపలి వైపు చుక్క వేసుకుంటే వేడీ చలీ తెలియకూడదు, అంత గోరువెచ్చన. సింకు మీదికి వంగి, తల కాస్త పక్కకి వాల్చి, నోరు తెరిచి నోటితోనే ఊపిరి పీల్చండి. సీసా మూతిని పై ముక్కు రంధ్రానికి ఆనించి మెల్లగా నొక్కుతూ "క, క, క" అనండి. ఆ మాటతో కొండనాలుక వైపు దారి మూసుకుని నీళ్ళు గొంతులోకి దిగవు. కింది రంధ్రంలోంచి బయటికి రావాలి. సగం సీసా ఒక వైపు, సగం రెండో వైపు.

చెవి నిండినట్టు అనిపిస్తే గట్టిగా నొక్కారన్నమాట, లేదా మధ్యలో గుటక వేశారు. అయ్యాక రెండు రంధ్రాలూ తెరిచే ఉంచి మెల్లగా చీదండి. ముక్కు మూసి బలంగా చీదితే నీళ్ళు చెవి గొట్టంలోకి వెళ్తాయి. కాసేపయ్యాక చెప్పులు తొడుక్కోబోయి వంగితే ముక్కులోంచి నీళ్ళు బొటబొటా కారడం మామూలే. అందుకే పడుకునే ముందు కాకుండా గంట ముందే కడగండి. రోజుకి ఒకసారి చాలు, దుమ్ము పని ఉంటే రెండుసార్లు. సీసాని సబ్బుతో కడిగి, కాచిన నీళ్ళతో తొలిచి, బోర్లించి ఆరబెట్టండి. మూడు నెలలకి మార్చండి. మూత బిగించి తడిగా దాస్తే లోపల జిగురు పడుతుంది.

చెవికి, ముక్కుకి ఆపరేషన్ అయినవాళ్ళు, చెవిలో చీము ఉన్నవాళ్ళు డాక్టర్ని అడిగాకే చెయ్యాలి. ముక్కు పూర్తిగా మూసుకుపోయి నీళ్ళు అటు నుంచి ఇటు రాకపోతే ఆపేయండి.

స్ప్రే కొట్టే పద్ధతి

కుదపాలి. కొత్త సీసా అయితే సన్నటి పొగమంచులా వచ్చేదాకా గాలిలోకి నొక్కాలి. కొన్ని రోజులు వాడకుండా ఉంచినా అంతే. తల పైకెత్తకండి, కొంచెం కిందికి వంచండి. కుడి ముక్కుకి ఎడమ చెయ్యి, ఎడమ ముక్కుకి కుడి చెయ్యి. అప్పుడు కొస దానంతటదే కంటి బయటి మూల వైపు తిరుగుతుంది. మధ్య గోడ మీద రోజూ కొడితే అది ఎండి, పొక్కు కట్టి రక్తం వస్తుంది. స్టెరాయిడ్ పడట్లేదని మానేసేవాళ్ళలో చాలామందికి పడనిది మందు కాదు, చెయ్యి తిప్పే తీరు.

పువ్వు వాసన చూసినంత మెల్లగా పీల్చండి. గొంతులో రుచి తగిలిందంటే గట్టిగా ఎగపీల్చారు, మందు కడుపులోకి పోయింది. పది నిమిషాలు చీదకండి. కొస పూడుకుపోతే గోరువెచ్చని నీళ్ళలో కడగాలి, గుండుసూదితో పొడిస్తే రంధ్రం పాడై తుంపర ధారగా మారుతుంది. 120 మోతాదుల సీసా పెద్దవాళ్ళకి పక్కకి రెండు చొప్పున రోజుకి ఒకసారి కొడితే సరిగ్గా 30 రోజులు. నలభై రోజులొచ్చిందంటే మధ్యలో మరిచిపోయారు.

ఒక పక్కే ఎప్పుడూ దిబ్బడగా ఉన్నా, రక్తం పడుతున్నా, వాసన పోయినా, తలకి దెబ్బ తగిలాక ఒకే ముక్కులోంచి నీళ్ళలా కారుతున్నా ఇవేవీ ప్రయత్నించకుండా ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి వెళ్ళండి. చెరువుల్లో మునిగి స్నానం చేసేవాళ్ళకి ముక్కులో ఎర్రగా, గరుకుగా, ముట్టుకుంటే రక్తం కారే కండ పెరిగితే అది రైనోస్పోరిడియోసిస్ కావచ్చు, దాన్ని కోసి తియ్యాల్సిందే. చిన్నపిల్లల్లో ఒక ముక్కులోంచే కుళ్ళు కంపుతో చీమిడి వస్తుంటే, లోపల చింతపిక్కో పెసర గింజో ఇరుక్కుందేమో చూపించాలి. ఇంట్లో పుల్లతో తీయబోతే ఇంకా లోపలికి పోతుంది.