ముసురు పట్టకముందే బండి కెమెరా స్విచ్ వైరింగు చూసుకోండి, ఫ్యూజు మాత్రం పెంచకండి

పోయిన వారం పాలకొల్లు అవతల కాలువ గట్టు మీద ఓ మినీ వ్యాను డాష్‌బోర్డులోంచి పొగ లేచింది. ఒక పక్క కాలువ, ఇంకో పక్క చేపల చెరువు, మధ్యలో బండి పట్టేంత దారి. పైన వాన. డ్రైవరు కుర్రాడు చురుకైనవాడు గనక దిగి బ్యాటరీ టెర్మినల్ పీకేశాడు. మర్నాడు తాడు కట్టి నా షెడ్డుకి లాక్కొచ్చారు. విప్పి చూద్దును కదా, వెనక దారి చూపించే కెమెరా స్విచ్‌కి వెళ్లే ఎర్రవైరు తొడుగు కరిగి, పక్కనున్న వైపరు వైర్లకి బెల్లంపాకంలా అంటుకుపోయింది. ఫ్యూజు ఉండాల్సిన చోట ఫ్యూజు లేదు. నాలుగు రాగిపోగులు మెలిపెట్టి దూర్చారు.

“5 ఆంపియర్ల ఫ్యూజు పెట్టేనండి, కొట్టేసింది. 10 పెట్టేను, అదీ కొట్టేసింది. 15 కూడా ఆగలేదండి. మరింకేం చెయ్యమంటారు?” అన్నాడు ఓనరు.

కెమెరా ఎక్కడ బిగించాలో, స్క్రీను ఎలా అమర్చాలో నేను చెప్పక్కర్లేదు, ఆ వీడియోలు బోలెడున్నాయి. నేను చెప్పేది అవి చెప్పని సంగతి. ఫ్యూజు కొట్టేస్తే దాని స్థానంలో పెద్దది వేయకండి.

లెక్క చూడండి. ఒక కెమెరా తినేది 2, 3 వాట్లు. 12 వోల్టుల బండిలో అది పావు ఆంపియరుకి అటూ ఇటూ. ముందొకటి, వెనకొకటి పెట్టినా అర ఆంపియరు. బూడిదరంగు 2 ఆంపియర్ల ఫ్యూజు, కాదంటే ఊదారంగు 3 ఆంపియర్లది చాలు. అది కూడా ఆగలేదంటే తప్పు వైర్లో ఉంది, ఫ్యూజులో లేదు. పసుపురంగు 20 వేశారనుకోండి, ప్లస్ నేరుగా బాడీకి తగిలితే అదీ పోతుంది, బతికిపోతారు. అసలు ప్రమాదం సగం సగం తగిలినప్పుడు. తడిసిన జాయింటులోంచో, రేకుకి ఒరుసుకుపోయిన చోటనుంచో 10, 12 ఆంపియర్లు కారుతుంటే 20 ఫ్యూజుకి చీమ కుట్టినట్టయినా ఉండదు. దారంలాంటి కెమెరా వైరు మాత్రం లోపల కాగుతూనే ఉంటుంది.

ఇక ఆ వ్యాను ఫ్యూజు ఎందుకు కొట్టేసిందంటారా? స్విచ్. లైటున్న మూడు కాళ్ల స్విచ్ అది. ఒక కాలికి బ్యాటరీ నుంచొచ్చే లైను, ఒక కాలికి కెమెరాకి పోయే లోడు, ఒక కాలికి ఎర్తు, అంటే బండి బాడీ. వీళ్లు లోడు కాలికి ఎర్తు, ఎర్తు కాలికి కెమెరా వైరు కలిపారు. ఆఫ్‌లో ఉన్నంతసేపూ బుద్ధిమంతుడే. నొక్కగానే బ్యాటరీ ప్లస్ తిన్నగా బాడీలోకి. అలాంటప్పుడు ఏ ఫ్యూజు మాత్రం ఆగుతుంది?

కాళ్ల రంగు చూసి నమ్మకండి. స్విచ్ బయటే పెట్టుకుని, మల్టీమీటరు బీప్ మీద ఉంచి, స్విచ్ ఆన్ చేసి చూడండి. బీప్ వచ్చే రెండు కాళ్లే లైను, లోడు. మిగిలింది ఎర్తు. లైను, లోడు అటూ ఇటూ అయినా కొంప మునగదు, ఆఫ్‌లో కూడా స్విచ్ లైటు వెలుగుతుంది, అంతే. ఎర్తు మారితేనే ముప్పు.

రెండో తలనొప్పి రివర్స్ లైటు. కెమెరా రివర్స్ గేరుతోనూ రావాలి, కావాలన్నప్పుడు స్విచ్‌తోనూ రావాలి అని రివర్స్ లైటు వైరునీ స్విచ్ వైరునీ ఒకేచోట ముడేస్తారు. అప్పుడు స్విచ్ నొక్కితే కరెంటు వెనక్కి తన్ని రివర్స్ లైట్లు కూడా వెలుగుతాయి. 21 వాట్ల బల్బులు రెండు, అంటే మూడున్నర ఆంపియర్లు, ఆ సన్నవైరు మీద. ఫ్యూజు పోతుంది. మళ్లీ అదే పని, పెద్దది వేస్తారు! రాత్రి గట్టు మీద మీరు ముందుకి పోతుంటే, వెనకవాడికి మీరు వెనక్కొస్తున్నట్టు కనిపిస్తుంది. రెండు లైన్లకీ చెరో 4007 డయోడ్ పెట్టండి, అది కరెంటుని ఒకవైపే పోనిస్తుంది, తెల్లగీత కెమెరా వైపుకి.

బొమ్మ రాకపోతే ఎక్కడ వెతకాలి? గేరు వేసినా స్క్రీను మారలేదంటే, గేరు పడిందని స్క్రీనుకి చెప్పే ట్రిగ్గర్ వైరు చూడండి. మారింది గానీ నల్లగా ఉందంటే కెమెరా కరెంటో, వీడియో పిన్నో. మన వైపు, ముఖ్యంగా అంతర్వేది, నరసాపురం సముద్రగాలికి, ఎర్తు బోల్టు కింద పచ్చగా చిలుం పడుతుంది. మీటరుకి 12 వోల్టులు చూపిస్తుంది, కెమెరా తగిలిస్తే పడిపోతుంది. అందుకే లోడు మీదే కొలవండి. డిక్కీ తలుపు దగ్గర రబ్బరుగొట్టంలో వైరు లోపలే తెగుతుంది, పైకి కనపడదు. కొన్ని కొత్త కార్లలో రివర్స్ లైటు లైను సాఫీగా రాదు, తునకలుగా వస్తుంది. స్క్రీను మిణుకుమిణుకుమంటే ఆ తునకల్ని సాఫీ చేసే ఫిల్టరు కావాలి, ఫ్యూజు కాదు.

ధవళేశ్వరం దగ్గర గోదావరి 11.75 అడుగులు తాకి మొదటి హెచ్చరిక వచ్చిందంటే లంకల బళ్లన్నీ గట్టెక్కుతాయి, అప్పుడు నాలాంటివాడికి మీ బండి విప్పే తీరికుండదు. ఈ లోపే చేసుకోండి.

పని మొదలెట్టే ముందు బ్యాటరీ మైనస్ తీయండి.

ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలోనే ఉండాలి. స్విచ్ దగ్గర పెడితే మధ్యలో వైరంతా దిక్కులేనిదే.

పసుపు తొడుగు వైర్ల జోలికి పోవద్దు, అవి ఎయిర్‌బ్యాగువి. టెస్టింగ్ బల్బు కూడా తగిలించొద్దు.

24 వోల్టుల లారీకి కారు కెమెరా తగిలించొద్దు. ఇంజను నడుస్తుంటే అక్కడ 28 దాకా వస్తుంది.

మెలిపెట్టి టేపు చుట్టిన జాయింటు జాయింటే కాదు. టంకం వేసి స్లీవు తొడగండి.

రేకులోంచి వైరు తీసినచోట రబ్బరు బుష్షు వేయండి.

రివర్స్ పరీక్షకి ఇంజను ఆపి తాళం మాత్రమే ఆన్ చేయండి. హ్యాండ్ బ్రేకు లాగి, చక్రాల కింద ఇటుకలు పెట్టండి. “చూడరా, బొమ్మ వస్తోందా?” అని పిల్లాణ్ణి వెనక నిలబెట్టొద్దు.

నీట మునిగిన బండికి స్విచ్ వేసి చూడొద్దు. ఆరనివ్వండి, కనెక్టర్లు విప్పి బురద కడగండి.

సిగరెట్ పెట్టెలో వెండికాగితం ఫ్యూజు కాదు. రాగిపోగు ఫ్యూజు కాదు. పక్క స్లాటులోంచి పీకి పెట్టిన 15 కూడా దీనికి ఫ్యూజు కాదు.

3 వేస్తే కొట్టేసిందా, వైరు వెతకండి. మళ్లీ 3 వేయండి. మళ్లీ కొట్టేసిందా, కెమెరా లైను పీకి పక్కన పెట్టి, అద్దాలు చూసుకుంటూ ఇంటికి రండి. బయల్దేరేముందు వైపరు తిరుగుతోందో లేదో ఓసారి చూడండి.