ఇంట్లో ఒంటి మీది రోమాలు తీసుకోవడం ఎలా? ముందు బెత్తెడు చోట చేసి చూడండి

మా పిన్ని కూతురి పెళ్లికి స్లీవ్‌లెస్ జాకెట్టు కుట్టించుకున్నాను. పెళ్లి ముందురోజు రాత్రి, జీవితంలో మొదటిసారి, చంకల్లో హెయిర్ రిమూవల్ క్రీమ్ రాశాను. డబ్బా మీద చెప్పిన సమయం అయిపోయినా వెంట్రుకలు కొన్ని మిగిలాయని ఇంకో ఐదు నిమిషాలు ఉంచాను. తెల్లారేసరికి చర్మం కమిలిపోయింది, చెయ్యి దించితే మంట. పెళ్లంతా పైట కప్పుకుని, ఆ మంట ఓర్చుకుంటూనే గడిపాను. తప్పు క్రీముది కాదు. ఎక్కడా పరీక్షించకుండా, టైము లేని రోజున, పల్చటి చర్మం మీద మొదలుపెట్టడం నా తప్పు. అందుకే ఈ వ్యాసంలో ఏ పద్ధతి గొప్పదో చెప్పను. మీ ఒంటికి ఏది పడుతుందో మీరే ఎలా తేల్చుకోవాలో చెబుతాను.

ఇంకొక మాట. రోమాలు ఉండటం అశుభ్రం కాదు, రోగం కాదు. తీసుకోవాలనిపిస్తే తీసుకోండి, వద్దనుకుంటే మానేయండి. ఎవరో ఏదో అన్నారని పదమూడేళ్ల పిల్ల బాత్రూంలో నాన్న రేజర్‌తో దొంగచాటుగా కోసుకునే పరిస్థితి మాత్రం రానివ్వకండి. అడిగితే అమ్మలే దగ్గర కూర్చుని చూపించాలి.

1. ముందు ఆగాల్సిన వాళ్లు ఆగండి

మొటిమలకు ఐసోట్రెటినోయిన్ మాత్రలు వేసుకుంటున్నవాళ్లు వ్యాక్సింగ్ జోలికి వెళ్లకూడదు. మాత్రలు మానేశాక కూడా ఆరు నెలలు ఆగాలి. ఆ మందు వల్ల చర్మం పల్చబడుతుంది, వ్యాక్స్‌తో పాటు పై పొర లేచి వస్తుంది. ముఖానికి రాత్రిళ్లు ట్రెటినోయిన్, అడాపలీన్ లాంటి క్రీములు రాసుకునేవాళ్లు కూడా ముఖం మీద వ్యాక్స్ చేయకండి. షుగర్ ఉన్నవాళ్లు, రక్తం పల్చబడే మందులు వాడేవాళ్లు, పిక్కల్లో నరాలు ఉబ్బినవాళ్లు డాక్టర్ని అడిగాకే మొదలుపెట్టండి. గాయం, ఎండకి కమిలిన చర్మం, పుట్టుమచ్చ, దద్దురు ఉన్న చోట ఏ పద్ధతీ వద్దు.

2. ఒక కాలు ఒక పద్ధతికి, రెండో కాలు రెండో పద్ధతికి

నాకు బాగా ఉపయోగపడింది ఇదే. పిక్క మీద చర్మం కాస్త గట్టిది, కంటికి కనబడుతుంది, చేతికి అందుతుంది. ఎడమ పిక్క మీద బెత్తెడు చోట రేజర్, కుడి పిక్క మీద అంతే చోట వ్యాక్స్ చేయండి. క్రీమ్‌ని ఇంకో వారం ముంజేతి మీద చూడండి. తేదీ ఒక కాగితం మీద రాసుకోండి. ఎన్నో రోజున వెంట్రుక మళ్లీ చేతికి తగిలింది, ఎక్కడ దురద పెట్టింది, పొక్కులు వచ్చాయా అనేది నాలుగు వారాలు గమనించండి. పెళ్లి, పండగ, ప్రయాణం లాంటివి కనీసం నెల దూరంలో ఉన్నప్పుడే ఈ పని పెట్టుకోండి. నెలసరికి రెండు మూడు రోజుల ముందు చాలామందికి నొప్పి ఎక్కువగా తెలుస్తుంది, ఆ రోజులు తప్పించండి.

3. రేజర్

స్నానం చివర్లో, గోరువెచ్చటి నీళ్లకి వెంట్రుక మెత్తబడ్డాక చేయాలి. పొడి చర్మం మీద ఎప్పుడూ వద్దు. షేవింగ్ జెల్ లేకపోతే కండిషనర్ అయినా సరిపోతుంది. వెంట్రుక వాలిన వైపే, అదిమిపెట్టకుండా లాగండి, ఒక్కసారి లాగాక బ్లేడు కడగండి. ఐదు నుంచి ఏడుసార్లు వాడాక బ్లేడు మార్చేయాలి. రేజర్‌ని తడి బాత్రూంలో వదలకుండా పొడి చోట పెట్టుకోండి. అక్కచెల్లెళ్లయినా ఒకరి రేజర్ ఒకరు వాడకూడదు.

"షేవ్ చేస్తే దట్టంగా వస్తాయి" అని మన ఇళ్లలో అందరూ అంటారు. ఇది నిజం కాదు. షేవింగ్ వల్ల వెంట్రుక మందం గానీ, రంగు గానీ, పెరిగే వేగం గానీ మారవని 1928లోనే మిల్‌డ్రెడ్ ట్రాటర్ అనే అమెరికా శాస్త్రవేత్త పరీక్షించి చెప్పారు. మామూలుగా వెంట్రుక కొన సన్నగా ఉంటుంది. బ్లేడుతో మధ్యలో తెగితే మొండి కొన పైకి వస్తుంది, అది చేతికి గరుకుగా తగులుతుంది, అంతే.

4. క్రీమ్

ఈ క్రీముల్లో థయోగ్లైకోలేట్ అనే రసాయనం ఉంటుంది. వెంట్రుకలోని కెరటిన్ అనే ప్రోటీన్ బంధాలను తెంచి దాన్ని మెత్తటి గుజ్జులా చేస్తుంది. మన చర్మం పై పొరలోనూ కెరటినే ఉంది కాబట్టి, ఎక్కువసేపు ఉంచితే చర్మాన్నీ తింటుంది. నాకు జరిగింది అదే. రూపాయి బిళ్లంత రాసి, చెప్పిన సమయానికి కడిగి, 24 గంటలు చూడండి. ఏమీ కాకపోతేనే మిగతా చోట రాయండి. ఫోన్లో టైమర్ పెట్టుకోండి, సమయం అయ్యాక వెంట్రుకలు మిగిలినా సరే కడిగేయండి. కాళ్లకని అమ్మే క్రీమ్ ముఖానికి, జననాంగాల దగ్గర వాడకూడదు. జననాంగాల దగ్గర చిన్న కత్తెరతోనో ట్రిమ్మర్‌తోనో పొట్టిగా కత్తిరించుకోవడమే క్షేమం.

5. పంచదార వ్యాక్స్

ఇదే నాకు చివరికి నిలిచిన పద్ధతి. ఖర్చు తక్కువ, జిగురు నీళ్లతో పోతుంది, పైగా పాకం చూడటం మన వంటింటికి కొత్త కాదు.

వెంట్రుక సుమారు 6 మిల్లీమీటర్లు, అంటే బియ్యపు గింజంత ఉండాలి. అంతకంటే పొట్టిగా ఉంటే పాకం పట్టుకోదు. అడుగు మందం గిన్నెలో ఒక కప్పు పంచదార, రెండు టేబుల్ స్పూన్ల నిమ్మరసం, రెండు టేబుల్ స్పూన్ల నీళ్లు వేసి సన్న సెగ మీద పెట్టండి. నిమ్మరసం మానకండి. పాకం చల్లారాక పంచదార మళ్లీ పలుకులు కట్టకుండా ఆపేది అదే. మొదట తెల్లటి పెద్ద బుడగలు వస్తాయి, తర్వాత బుడగలు చిన్నవై నెమ్మదిస్తాయి, రంగు తేనెలా మారుతుంది. అప్పుడు అరిసెల పాకం చూసినట్టే చూడాలి: పళ్లెంలో చల్లటి నీళ్లు పోసి ఒక బొట్టు వేయండి. నీళ్లలో కరిగిపోతే ఇంకా లేత. వేళ్లతో దగ్గరికి తీస్తే మెత్తటి ఉండ కావాలి, నొక్కితే అణగాలి. పళ్లేనికి కొడితే టక్కున మోగిందంటే ముదిరిపోయింది, చెంచాడు నీళ్లు పోసి మళ్లీ కాసేపు కరిగించండి. నాకు మొదటి రెండుసార్లూ ముదిరింది. రంగు చూసి కాకుండా ఉండ చూసి దించడం మొదలుపెట్టాకే కుదిరింది.

ఇక్కడ చాలా జాగ్రత్త. ఈ పాకం మరిగే నీళ్ల కంటే వేడిగా ఉంటుంది, మీద పడితే అంటుకుని వదలదు. పిల్లల్ని వంటింట్లోకి రానివ్వకండి. దించాక కనీసం అరగంట చల్లారనివ్వండి. మణికట్టు లోపలి వైపు చుక్క పెట్టి చూస్తే గోరువెచ్చగానే ఉండాలి. ఒకవేళ కాలితే 20 నిమిషాలు కుళాయి నీళ్ల ధార కింద పెట్టండి, పేస్టూ పసుపూ ఐసూ ఏదీ పెట్టకండి.

కాలు కడిగి పూర్తిగా ఆరనిచ్చి, పల్చగా పౌడరు అద్దండి. మన ఎండాకాలపు చెమటకి పాకం జారిపోతుంది, అందుకే ఫ్యాన్ కింద పొద్దున్నే చేసుకుంటే మంచిది. ఐస్‌క్రీం పుల్లలాంటి దానితో వెంట్రుక వాలిన వైపు పల్చగా రాయండి. పాత కాటన్ పంచె ముక్క పైన పరిచి, రెండు మూడుసార్లు అదే వైపు రుద్దండి. ఒక చేత్తో చర్మాన్ని బిగువుగా పట్టుకుని, రెండో చేత్తో ఎదురు వైపుకి, గుడ్డ చర్మానికి ఆనుకునే ఉండేలా ఒక్క ఊపులో లాగండి. పైకి ఎత్తి లాగితే వెంట్రుక మధ్యలో తెగుతుంది, చర్మం కమిలిపోతుంది. లాగిన వెంటనే అరచేత్తో ఆ చోటుని గట్టిగా అదిమి పట్టుకోండి, నొప్పి సగం తగ్గినట్టుంటుంది. ఒకే చోట రెండుసార్లకు మించి వద్దు. మిగిలినవి చిమటాతో తీసేయండి.

రెండు వారాలకే కొత్త వెంట్రుకలు కనబడితే కంగారు పడకండి. అన్ని వెంట్రుకలూ ఒకేసారి పెరగవు. మీరు లాగిన రోజున కొన్ని ఇంకా చర్మం కిందే ఉంటాయి, అవే ఇప్పుడు పైకి వచ్చాయి. మామూలుగా మూడు నాలుగు వారాలు నున్నగా ఉంటుంది.

6. తర్వాత ఒక రోజంతా

వేడి నీళ్ల స్నానం, బిగుతు జీన్స్, డియోడరెంట్, చెమట పట్టే వ్యాయామం 24 గంటలు మానేయండి. వాసన లేని మాయిశ్చరైజర్ చాలు. బయటికి వెళ్తే సన్‌స్క్రీన్ రాయండి, లేకపోతే నల్లమచ్చలు పడతాయి. మన చామనఛాయ చర్మానికి ఆ మచ్చలు తొందరగా వస్తాయి, నెలల తరబడి పోవు.

మూడు నాలుగు రోజులు గడిచాక వారానికి ఒకటి రెండుసార్లు సున్నిపిండితో మెల్లగా నలుగు పెట్టుకోండి. వెంట్రుక లోపలికి మెలి తిరిగి పొక్కులు కట్టడం తగ్గుతుంది. నలుగు పెడితే రోమాలే పోతాయంటారు గానీ, కుదుళ్లు ఎక్కడికీ పోవు. దయచేసి పసిపిల్లలకు మాత్రం నూగు పోవాలని గట్టిగా రుద్దకండి. అది కొన్ని వారాల్లో దానంతటదే రాలిపోతుంది. పొక్కు కడితే పిన్నుతో గుచ్చకండి, గోరువెచ్చటి తడిగుడ్డ రోజుకి రెండుమూడుసార్లు పెట్టండి. చీము పట్టినా, ఎరుపు పాకుతున్నా, జ్వరం వచ్చినా డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

మిషన్ల సంగతి

ఎపిలేటర్ అంటే మోటారు మీద తిరిగే చిమటాలు. వ్యాక్స్ ఓర్చుకున్నవాళ్లు దీన్నీ ఓర్చుకుంటారు, చంకల్లో మాత్రం చాలా నొప్పి. ఐపీఎల్, అంటే కాంతి మెరుపులతో వెంట్రుక కుదుళ్లను బలహీనపరిచే లైటు మిషన్, కొనేముందు డబ్బా మీది చర్మపు రంగుల పట్టీ చూడండి. ఆ కాంతిని వెంట్రుకలోని నలుపు పీల్చుకోవాలి. చర్మమే బాగా నలుపైతే అది చర్మంలోకే వెళ్లి కాలుస్తుంది. పచ్చబొట్ల మీద అసలు వాడకండి.

గడ్డం కింద, పై పెదవి మీద

ఇక్కడ సన్న నూగు ఉంటే త్రెడింగ్ చాలు. కానీ గడ్డం, ఛాతీ, పొట్ట మీద ముదురు వెంట్రుకలు కొత్తగా వస్తూ, నెలసరి కూడా తప్పుతుంటే అది పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో వచ్చే అండాశయాల సమస్య) కావచ్చు. ఎన్నిసార్లు లాగినా లోపలి కారణం అలాగే ఉంటుంది. గైనకాలజిస్టుని కలిసి, నెలసరి తేదీలు, వెంట్రుకలు ఎప్పటినుంచి ఎక్కడ వస్తున్నాయో చెప్పండి. వెళ్లే ముందు పది పదిహేను రోజులు ఆ వెంట్రుకలు తీయకుండా ఉంచండి, డాక్టర్ చూడాల్సింది వాటినే.