మాల వేసుకునే ముందు మందు మానేవారికి జాగ్రత్తలు

కార్తీకం వస్తోందంటే రోజూ తాగే మనిషి కూడా ముందు రాత్రి పీకలదాకా తాగి, తెల్లవారుజామున చన్నీళ్లు పోసుకుని మాల వేసుకుంటాడు. ఎప్పుడో ఓసారి తాగేవారికి ఇబ్బందేమీ లేదు. పొద్దున్నే ఓ పెగ్గు పడితేగాని చేతి వణుకు ఆగనివారు, ఏళ్లుగా రోజూ క్వార్టర్‌కు (180 మి.లీ.) తగ్గకుండా తాగేవారు, ఇంతకుముందు మానినప్పుడు ఫిట్స్ వచ్చినవారు మాత్రం ఇలా ఒక్కసారిగా మానేయకూడదు. వీళ్లకు మొదటి నాలుగు రోజులే గండం.

మద్యం మెదడును మందగింపజేస్తుంది. దాన్ని తట్టుకోవడానికి మెదడు ఎప్పుడూ ఎక్కువ వేగంతో పనిచేయడం అలవాటు చేసుకుంటుంది. మందు ఒక్కసారిగా ఆగితే వేగం మిగులుతుంది, బ్రేకు ఉండదు. 6–8 గంటల్లో వణుకు, చెమటలు, వాంతులు మొదలవుతాయి. ఫిట్స్ ఎక్కువగా మొదటి 48 గంటల్లో వస్తాయి. రెండో రోజు నుంచి నాలుగో రోజు దాకా సంధి కొట్టే ప్రమాదముంది: ఏ రోజో, ఎక్కడున్నాడో తెలియదు, లేని పురుగుల్ని ఒంటి మీంచి దులుపుకుంటాడు, దుప్పటి అంచు పీకుతుంటాడు, ఒళ్లు కాలిపోతుంటుంది. దీక్షలో ఉన్నాడు కాబట్టి ఇంట్లోవాళ్లు పూనకమనుకుని హారతి పడతారు. పోయే ప్రాణాలు ఇక్కడే పోతాయి. వెంటనే 108కి ఫోన్ చేయండి.

కల్లే కదా అనుకోకండి. తెలంగాణలో కల్తీ కల్లులో అల్ప్రాజోలం, డైజెపామ్, క్లోరల్ హైడ్రేట్ అనే మత్తుమందులు కలుపుతారు. అవి ఒక్కసారిగా ఆగినా ఇలాంటి గండమే. 2020 లాక్‌డౌన్‌లో కల్లు దొరక్క ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు జనం వరసకట్టింది ఇందుకే. డాక్టరుకు ఆ సంగతి కూడా చెప్పాలి.

మాలకు పది రోజుల ముందే సైకియాట్రిస్టును కలవండి. ఫిట్స్ రాకుండా క్లోర్‌డయాజిపాక్సైడ్ లాంటి మాత్ర మొదలుపెట్టి వారం రోజుల్లో తగ్గిస్తూ ఆపేస్తారు. లివర్ చెడిందంటే వేరే మాత్ర రాస్తారు కాబట్టి మెడికల్ షాపులో అడిగి కొనుక్కోవద్దు. దీంతోపాటు బి1 విటమిన్ (థయమిన్) తప్పనిసరి. తాగేవారిలో అది అడుగంటి ఉంటుంది. అది ఇవ్వకుండా గ్లూకోజ్ సీసా మాత్రమే ఎక్కిస్తే మెదడు దెబ్బతినొచ్చు. ఆర్ఎంపీ దగ్గర సీసా పెట్టించుకునేవారు ఇది గుర్తుంచుకోవాలి.

మాత్రలు పూర్తయ్యేదాకా ఏకభుక్తం వద్దని గురుస్వామిని అడిగి సడలింపు తీసుకోండి. మజ్జిగ, గంజి, కొబ్బరినీళ్లు తరచూ తాగాలి. బైకు నడపకూడదు, చెరువులో ఒంటరిగా స్నానానికి దిగకూడదు.

ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. చేతిలో తాళాలు, నోట్లో చెంచా పెట్టొద్దు.

మందు మాన్పిస్తుందని అన్నంలో రహస్యంగా డైసల్ఫిరామ్ (మద్యం ఒంటికి పడకుండా చేసే మాత్ర) కలపడం మరీ ప్రమాదం. తెలియక తాగితే బీపీ పడిపోయి ప్రాణం మీదికొస్తుంది.

సలహాకు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416, మత్తు విముక్తి హెల్ప్‌లైన్ 14446.

చివరిగా మాల తీసే రోజు. 41 రోజుల్లో ఒంటికి పాత తట్టుకునే శక్తి పోయి ఉంటుంది. ఆ రాత్రి పాత లెక్కలో తాగితే స్పృహ తప్పుతుంది. వెల్లకిలా పడుకున్నవాడికి వాంతి గొంతుకు అడ్డుపడుతుంది.